తప్పంతా అలదేనా?

ఎడిటర్ గారికి,

ఆదివారం అనుబంధంలో నీటి మీద వేగ రికార్డులు కొట్టిన డొనాల్డ్ కాంప్‌బెల్ మీద వేసిన వ్యాసం చదివాను. బాగుంది, కానీ 1967 జనవరి 4న ఇంగ్లండ్‌లోని కోనిస్టన్ సరస్సులో ఆయన జెట్ పడవ 'బ్లూబర్డ్' తను లేపిన అలే తనకు తగిలి ఎగిరిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేశారు. అల లేదని నేననను. రికార్డుకు రానూ పోనూ రెండు పరుగులు తీయాలి; మొదటిది గంటకు 297.6 మైళ్ల సగటుతో ముగిశాక నీళ్లు సర్దుకునేదాకా ఆగకుండా వెంటనే వెనక్కి తిరిగాడు, నిజమే. మరి అంత మాత్రం అలకే టన్నుల బరువున్న పడవ గాల్లో పల్టీ కొడుతుందా?

అంత వేగంలో ఆ పడవ నీళ్లలో మునిగి ఉండదు, ముందు రెండు చోట్ల, వెనక ఒకచోట నీటిని రాసుకుంటూ పోతుంది, మిగతా అడుగంతా గాలే. వేగం రెట్టింపైతే ఆ గాలి ఎత్తే బలం నాలుగింతలవుతుంది. ముక్కు కాస్త లేచిందా, గాలి ఇంకా దూరుతుంది, దూరిన కొద్దీ ఇంకా లేస్తుంది, ఈదురుగాలికి పంక్తిలో విస్తరాకు లేచినట్టే. ఒక కోణం దాటాక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. పడవ అటూ ఇటూ ఎగిరెగిరి పడుతోందని కాంప్‌బెల్ రేడియోలో చెబుతూనే ఉన్నాడు. చివర్లో ఇంజన్ ఆగిపోయిందనే వాదనా ఉంది. ముక్కును కిందికి అదిమి ఉంచేది ఆ జెట్ తోపే, అది పోతే ఇంకేముంది! (ఆ ఇంజన్ పేరు ఆర్ఫియస్. 1965 యుద్ధంలో మన వాయుసేన నడిపిన నాట్ విమానాల్లోనూ అదే. ఈ సంగతి వ్యాసంలో పడాల్సింది.)

ఇదంతా రికార్డుల గోల అనుకోకండి, మామూలు స్పీడ్ బోటుకీ ఇలాంటి జబ్బే ఉంది. ఆ మధ్య ఒక జలాశయంలో ఎక్కాం. పెద్దవాళ్లందర్నీ వెనక సీట్లో కుక్కారు. స్పీడ్ అందుకోగానే ముక్కు లేవడం, డబ్‌మని పడడం, ప్రతి దెబ్బా ముందు దానికంటే గట్టిగా. పిల్లలు కేకలు పెడుతుంటే డ్రైవర్ కుర్రాడు హుషారెక్కి ఇంకా రేజ్ చేశాడు. పక్కనున్న పెద్దాయన కసిరి బోటు స్లో చేయించి, ఇద్దర్ని ముందుకు కూర్చోబెట్టి, లివర్ మీది బటన్ నొక్కించి బోటు వెనక వేలాడే ఇంజన్ వంపు దించించాడు. మళ్లీ అదే స్పీడ్‌లో పోయాం, ఒక్క కుదుపు లేదు. 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో పందెం తీసిన ఫార్ములా-1 బోట్లలోనూ డ్రైవర్లు ఆ వంపును క్షణక్షణం సర్దుకుంటూనే నడుపుతారు.

ఘాట్లలో లైఫ్ జాకెట్ ఉందో లేదో చూస్తున్నారు, సంతోషం. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాడు మాత్రం లేడు. ఈసారి బోటు బోల్తా వార్త రాసేటప్పుడు ఎంతమంది ఎక్కారనే కాదు, ఎక్కడెక్కడ కూర్చున్నారో కూడా మీ విలేకరులు అడగాలి.

ఇంకొకటి, ఫొటో కింద బ్లూబర్డ్ గరిష్ఠ వేగం 328 కిలోమీటర్లని వేశారు. అవి మైళ్లండీ, కిలోమీటర్లలో దాదాపు 528.