జిలేబి పారిపోలేదు

విజయనగరం,
సెప్టెంబర్ 21

చిట్టితల్లీ,

ఈ ఉత్తరం జంతికల డబ్బాలో పెట్టి పంపుతున్నాను. పక్కింటివాళ్ల అబ్బాయి లండన్ తిరిగి వెళ్తున్నాడు, నాన్న వెళ్లి తెచ్చుకుంటారు. రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటూ మళ్లీ ఉత్తరమెందుకు అంటావేమో. నీ మొహం చూస్తూ చెప్పలేని మాట ఒకటుంది. అందుకే నాన్న చేత చదివించుకోకుండా నువ్వే కూడబలుక్కుని చదువుకో. పోయిన వేసవిలో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న గుణింతాలు చాలు.

మొన్న నీ నత్త చేగోడీ చచ్చిపోయిందని వెక్కివెక్కి ఏడ్చావు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది డబ్బా మూతకి అతుక్కుని గుల్ల నోటికి తెల్లటి పొర కట్టుకుంది, అంతే. నాన్న అప్పుడే హీటింగ్ వేసేసి ఉంటారు, డబ్బాలో తడి ఆరిపోయింది. తడి తగ్గితే నత్తలు తమ జిగురుతోనే అలా తలుపు బిడాయించుకుని పడుకుంటాయి. చలికాలమంతా కూడా అంతే. నేను చెప్పినట్టు నువ్వు నీళ్లు చిలకరించి కీరా ముక్క పెట్టావు. సాయంత్రం పంపిన వీడియోలో అది ముక్కని గీరుతున్న చప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వినపడింది తెలుసా? దాని నాలుక మీద వేల పళ్లుంటాయట. మీ తాతయ్య ఆకురాయితో కత్తి అరగదీస్తే ఇలాగే గరగరమనేది.

ఇంక అసలు మాట. జిలేబి పారిపోలేదమ్మా.

జూన్‌లో నిమ్మకాయ ఊరగాయ పెట్టాను గుర్తుందా? రెండు డజన్ల కాయలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి పెద్ద స్టీలు పళ్లెంలో పోసి వంటింటి గట్టు మీద ఉంచాను. నీ ఐస్‌క్రీమ్ డబ్బా అక్కడే ఉంది. దాన్ని పక్కకి జరిపినప్పుడు మూత ఒక మూల ఊడింది. సరిగ్గా నొక్కనిది నేనే. తెల్లారి టీ పెట్టుకుందామని వస్తే డబ్బా దగ్గర్నుంచి పళ్లెం దాకా గట్టు మీద మెరుస్తూ ఒక చార. పళ్లెం అంచున జిలేబి. ఉప్పు నత్త ఒంట్లో నీళ్లన్నీ బయటికి లాగేస్తుంది. గుల్ల చుట్టూ పసుపు పట్టిన నురగ గట్టిపడిపోయి ఉంది.

నువ్వు లేవడానికి ఇంకో గంట టైముంది. చార తుడిచేశాను. నిమ్మకాయలన్నీ బిన్‌లో పోసి, చేదెక్కాయని నాన్నకి చెప్పాను. జిలేబిని కిటికీ దగ్గర కరివేపాకు కుండీలో పాతిపెట్టాను. తర్వాత నిన్ను లేపి, వెనక తలుపు సందులోంచి వాళ్లింటికి వెళ్లిపోయిందని చెప్పాను. నువ్వు నమ్మావు. పది రోజులు స్కూలుకి వెళ్లేముందు ఆ తలుపు బయట లెట్యూస్ ఆకు పెట్టావు. రాత్రిళ్లు వేరే నత్తలొచ్చి తినేసేవి. పొద్దున్నే చూసి, "జిలేబి వచ్చి తిని వెళ్లిందమ్మా" అనేదానివి. నేను ఊఁ కొట్టేదాన్ని. అప్పట్నుంచి ఆ కుండీలో కరివేపాకు కోయడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో చెట్టు పెట్టుకుని షాపులో కొంటున్నావేంటని అడిగావు కూడా.

నీకు తెలియంది ఇంకోటి ఉంది. నత్తలంటే నాకు మొదట్నుంచీ పడేది కాదు. మనం రెడింగ్ వచ్చిన మొదటి ఏడాది బంతి నారు పోశాను. నలభై మొక్కలు, దసరాకి కాకపోయినా దీపావళికైనా పూస్తాయని ఆశ. ఒక్క వాన రాత్రికి కాడలు మిగిలాయి. మర్నాటి నుంచి నువ్వు పడుకున్నాక టార్చి పట్టుకుని వెళ్లి, దొరికిన ప్రతి నత్తనీ కంచె అవతలికి విసిరేదాన్ని. ఎన్ని విసిరినా తగ్గేవి కావు. డెవాన్‌లో రూత్ బ్రూక్స్ అని ఒకావిడ, ఆవిడా ఒక అమ్మమ్మే, ఇలాగే విసిగిపోయి నత్తల గుల్లల మీద నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టి దూరంగా వదిలి చూశారట. చాలా నత్తలు తిరిగొచ్చేశాయి. ఆ ప్రయోగానికి 2010లో బీబీసీ రేడియో పోటీలో గెలిచారు. అది చదివాక కంచె అవతలికి విసిరినవన్నీ నా మొహం చూసి నవ్వుకుంటూ తిరిగొచ్చి ఉంటాయనిపించింది. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అని అక్కడి తోటల సంఘం వాళ్లు 2022లో నత్తల్ని ఇక చీడల లెక్కలో వెయ్యబోమన్నారు. వాళ్ల బంతి నారు పోయి ఉండదు.

అవును, షెడ్డులో పై అరలో పాత అద్దెవాళ్లు వదిలిన నీలం గుళికల డబ్బా ఒకటుంది. నువ్వు ముట్టుకోకు. నత్తల్ని చంపే ఆ మెటాల్డిహైడ్ మందు 2022 నుంచి అక్కడ తోటల్లో వాడకూడదు. కౌన్సిల్ చెత్త కేంద్రంలో ఇచ్చి రమ్మని నాన్నకి చెప్పు.

అమ్మమ్మ మోకాలు నయం. గోడ పట్టుకుని వంటింటి దాకా నడుస్తోంది. నీ నత్తల సంగతి చెబితే, "పెంచుకోడమేమిటే, మా చిన్నప్పుడు చెరువు నత్తలు కూర వండుకునేవాళ్లు" అంది. నీకు చెప్పొద్దంది, చెప్పేశాను. తర్వాత పూజగదిలోంచి శంఖం తెప్పించి, ఇదీ నత్త గుల్లే కదా అంటూ తిప్పి చూసింది. నువ్వూ నీ నత్తని పట్టుకుని చూడు. కొన పైకి, నోరు నీ వైపు పెడితే నోరు కుడిపక్కకి వస్తుంది. అన్నిటికీ దాదాపు అంతే. 2016లో లండన్‌లో ఒక చెత్త ఎరువు కుప్పలో ఎడమచుట్టు నత్త దొరికింది. దానికి జెరెమీ అని పేరు పెట్టి, నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు జోడీ కోసం ఊరూరా వెతికించారు. ఎడమచుట్టు నత్తకి ఎడమచుట్టు నత్తతోనే కుదురుతుంది మరి. చివరికి జోడీ దొరికి పిల్లలు పుడితే, అన్నీ కుడిచుట్టువే! నీ ఎడమచేతి వాటం చూసి అమ్మమ్మ సణిగినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

ఇక్కడ పెరట్లో బొప్పాయి చెట్టు నిండా నా పిడికిలంత నత్తలున్నాయి. ఆఫ్రికా నత్తలు. వాటిని నేను చేత్తో ముట్టుకోను. ఎలుకల నుంచి వాటికి పట్టే ఒక పురుగు మనిషి మెదడుకి జబ్బు తెస్తుంది. 1847లో ఎవరో మారిషస్ నుంచి తెచ్చినవాటిని కలకత్తా చౌరంగీలో ఒక తోటలో వదిలారట. అవే పాకుతూ, బస్తాల్లో, మొక్కల కుండీల్లో ఎక్కి దేశమంతా తిరిగాయి. నత్తనడక అంటాం గానీ, నూట డెబ్బై ఎనభై ఏళ్లు టైమిస్తే అమ్మమ్మ బొప్పాయి దాకా వచ్చేశాయి.

నీ బూరె, చేగోడీ అలాంటివి కావు, ఆ తోటలో పుట్టినవే. అయినా చేతులు సబ్బుతో కడుక్కోవడం మానకు. గుల్ల పట్టుకుని గోడ మీంచి పెరకొద్దు, లోపల కండ చిరుగుతుంది. తల దగ్గర తడి వేలు పెడితే అదే ఎక్కుతుంది. పాలకూర ఎక్కువ పెట్టకు, అది తింటే గుల్లకి కావాల్సిన సున్నం ఒంటబట్టదు. కోడిగుడ్డు పెంకు పొడి అయిపోతే పెట్ షాపులో చిలకలకి అమ్మే తెల్ల బిళ్ల ఉంటుంది, అది కొనిపించుకో. వైజాగ్ బీచ్‌లో నువ్వు ఏరిన సముద్రపు నురుగు అదే.

మట్టిలో తెల్లటి సగ్గుబియ్యంలాంటి గుడ్లు కనిపిస్తే కంగారుపడకు. మొత్తం ఎనభై దాకా ఉంటాయి. ఎనభై నత్తలకి పేర్లు పెట్టేంత పిండివంటలు మనకి లేవు. చెంచాతో తీసి బయట కంపోస్టు పక్కన మట్టిలో కప్పేసెయ్.

చలి ముదరకముందే, అక్టోబర్ సగానికల్లా వాటిని వదిలేద్దాం. షెడ్డు వెనక ఇటుకల సందులోంచే కదా తెచ్చావు, మళ్లీ అక్కడే. నా అద్దం బల్ల రెండో సొరుగులో ఎర్ర నెయిల్ పాలిష్ ఉంది. గుల్ల మీద చిన్న చుక్క పెట్టు, ఒంటికి తగలనీయకు. మార్చిలో బంతి నారు పోసినప్పుడు ఎర్రచుక్క నత్త వస్తే టార్చి వేసి చూస్తాను. విసరను.

జిలేబి కుండీని ఏం చేయాలో నువ్వే చెప్పు. నామీద కోపం వస్తే ఫోన్‌లో వద్దు, తెలుగులో రాయి, ఎన్ని తప్పులున్నా ఫరవాలేదు. అమ్మమ్మ ఇంటి అడ్రసు కవరు వెనక రాశాను.

అమ్మ