రాజమండ్రి బస్సు ఏదండీ?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఓ బస్టాండులో ఒక పెద్దావిడ "రాజమండ్రి బస్సు ఎప్పుడొస్తుంది బాబూ?" అని నన్నడిగింది. బస్సు ఎదురుగానే ఉంది. బోర్డు మీద 'రాజమహేంద్రవరం' అని ఉంది. ఆవిడకు చదవడం రాదేమో అనుకున్నా. వచ్చు. కూడబలుక్కుని చదివి, అదేదో వేరే ఊరనుకుందట. ఇంతలో కండక్టరు దిగి "రాజమండ్రి, రాజమండ్రి" అని కేకేశాడు.

2015లో ఊరికి పాత పేరు తిరిగి పెట్టారు. నేనేమీ తప్పుపట్టను. రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరు, నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు. ఆ పేరు తగినదే. కానీ రాజమండ్రి అన్నది బయటివాళ్లు తగిలించిన పేరు కాదు. రాజమహేంద్రవరం, రాజమహేంద్రి అని పిలుస్తూ పిలుస్తూ జనం నోట్లో అరిగి అలా అయింది. ఇంగ్లీషువాళ్లు పెట్టింది ఆ వంకర స్పెల్లింగు మాత్రమే.

ఇక కాగితాల గొడవ. మా అబ్బాయి ఆధార్‌లో రాజమండ్రి అనీ, మరో పత్రంలో రాజమహేంద్రవరం అనీ ఉంది. రెండూ ఒకే ఊరని అఫిడవిట్ తెమ్మన్నారు ఒక ఆఫీసులో. ఆ మాట చెప్పిన ఉద్యోగే, మేం అక్కడ ఉండగానే ఫోనెత్తి "ఆఁ, రాజమండ్రిలోనే ఉన్నా" అన్నాడు! విజయవాడ స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ, అంటే బెజవాడ. దాని కోసం ఎవరినీ అఫిడవిట్ అడగరు కదా.

అలాగని అన్నిచోట్లా పొట్టి పేరే రాయమనను. మా గోదావరి వాళ్లకు గూడెం అంటే తాడేపల్లిగూడెం. అదే మాట ఖమ్మం వైపు అంటే కొత్తగూడెం అనుకుంటారు. జీవోల్లో, రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో నిండు పేరే ఉండాలి. దరఖాస్తుల్లో మాత్రం రెండు పేర్లలో ఏది ఉన్నా తీసుకోవాలి. బస్సు బోర్డుల మీద, మైకులో చెప్పేటప్పుడు రాజమండ్రి అనే మాట కూడా ఉండాలి.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో ఆ పెద్దావిడలాంటి వాళ్లు వస్తారు. కనీసం అప్పుడు వేసే ప్రత్యేక బస్సుల బోర్డుల మీదైనా రెండు పేర్లూ రాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కొవ్వూరు