శుభలేఖల ఎంపిక గురించి

బంధువులందరికీ నమస్కారం. అమ్మాయి పెళ్లి శుభలేఖకు విజయనగరంలో చూసిన నమూనాల ఫొటోలు పైన పెట్టాను. లామినేషన్ కార్డు కంటికి ఇంపుగానే ఉంది గానీ, మూలలకు రాసిన పసుపు దానిమీద నిలవక వేళ్లకు అంటుకుంటోంది. అందుచేత గరుకుగా ఉండే 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మీగడ రంగు కార్డే మేలని నా అభిప్రాయం. కవర్లు, తాంబూలం సంచులు కూడా అదే ప్రెస్‌లో ఒకేసారి వేయిస్తే కుంకుమ రంగులో తేడా రాదు.

ముఖ్యమైన విషయం ముహూర్తం. లగ్నం రాత్రి 12 గంటలు దాటాక ఉన్నందున, పంచాంగం ప్రకారం సూర్యోదయం వరకు శుక్రవారమే అయినా క్యాలెండరు తేదీ మారిపోతుంది; కాబట్టి “శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం” అని స్పష్టంగా వేయించాలి, లేకుంటే సగం మంది భోజనాలయ్యాక మర్నాడు దిగుతారు. ఫోనులో టైపు చేసిన తెలుగును ప్రెస్‌వారు తాము వాడే ‘అను’ అనే తెలుగు ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరే అవకాశం ఉంది గనుక, పెద్దబావగారు దయచేసి ప్రూఫును కాగితం మీదే చదివి సంతకం చేయాలి.

పేర్లలో చేర్పులుంటే ఆదివారం సాయంత్రంలోగా తెలియజేయగలరు. తొలి శుభలేఖ విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర పైడితల్లి అమ్మవారి గుడిలో పెట్టాకే పంపకాలు మొదలవుతాయి.