సానబట్టే తాత గుర్తున్నాడా?

ఒరేయ్ మామా,

మంచు ఎక్కే సామాన్లు ఎలా చూసుకుంటావని మెసేజ్‌లో అడిగావు కదా, దానికి ఫోన్‌లో టైప్ చేస్తే తేలదని ఉత్తరమే మొదలుపెట్టా. ముందే చెప్తున్నా, చివర్లో నీకో పని పెడతాను.

పోయిన శనివారం యూరే వెళ్ళాం. కొలరాడోలో చిన్న కొండ ఊరు. చలికాలంలో అక్కడి లోయ అంచున పైపులు వేసి నీళ్ళు వదులుతారు. అవి గోడ మీదుగా జారుతూ గడ్డకట్టుకుపోతాయి. ఆ మంచు ఎక్కడానికే మా తిప్పలన్నీ. ఆరోజు నేనే ముందు ఎక్కుతున్నా. ఎడమ చేత్తో గొడ్డలి పట్టుకుని వేలాడుతూ కుడి చేత్తో ఐస్ స్క్రూ, అదే జారిపడితే తాడు ఆపేలా మంచులోకి బిగించే మర, ఆనించి తిప్పితే, అది దిగదే! గిరగిరా తిరుగుతోంది, మంచుపొడి రాలుతోంది, అంతే. పిక్కలు కుట్టుమిషన్‌లా ఆడాయి. ఎలాగో ఇంకోటి తీసి బిగించి బయటపడ్డాననుకో.

తప్పు నాదే. ఆ స్క్రూ అంతకుముందు వారం పల్చటి మంచులోంచి వెళ్ళి కింద రాయికి తగిలింది. ఐస్ స్క్రూ అంటే బోలు ఉక్కు గొట్టం, పైన మరలు, మూతికి నాలుగు పళ్ళు. ఇంటికొచ్చి భూతద్దంలో చూస్తే ఒక పన్ను మొన మొద్దుబారి తళతళలాడుతోంది. పదునున్న అంచు మెరవదురా, మొద్దుదే మెరుస్తుంది.

గ్రైండర్ మీద పెడితే నిమిషం పని. కానీ ఆ వేడికి ఉక్కు పదును దిగిపోతుంది. చిన్నప్పుడు మన వీధిలో సానబట్టే తాత చక్రం తిప్పితే నిప్పురవ్వలు చూడ్డానికి పరిగెత్తేవాళ్ళం కదా, ఇక్కడ ఆ రవ్వలే శత్రువులు. అందుకే సన్న ఆకురాయితో చేత్తోనే. ముందు పన్ను మీద మార్కర్ పూస్తాను, ఎక్కడ రంగు పోయిందో అక్కడే అరుగుతోందని తెలుస్తుంది. పన్ను ముందంచే ఎత్తుగా ఉండాలి, వెనక్కి వాలు ఉండాలి. వెనకభాగం లేచిందంటే కొరకదు, ఒరుసుకుంటుంది. ఒక పన్ను అరగదీస్తే మిగతా మూడూ దాని ఎత్తుకి రావాలి. నాకు రెండు గంటలు పట్టింది, మెడ పట్టేసింది.

మిగతాది తేలికే. రాగానే తడి తుడిచి ఆరబెట్టడం, లోపల పల్చగా నూనె, మూతికి రబ్బరు టోపీ. అమ్మ కొబ్బరినూనె రాయమంది! మనింట్లోనే జనవరిలో సీసాలో పేరుకుపోతుంది, ఇక్కడ చెప్పాలా? గొట్టంలో మంచు ఇరుక్కుంటే మాత్రం మరలు రాయికేసి కొట్టకూడదు. కాసేపు జాకెట్లో పెట్టుకుంటే జారిపోతుంది, పొట్ట మాత్రం జివ్వుమంటుంది.

ఇప్పుడు నీ పని. మీ నాన్నగారు నగలు అరగదీయడానికి వాడే సన్న ఆకురాళ్ళు ఉండేవి చూడు, చెక్కపెట్టెలో, ఒకటి చదునుది, ఒకటి మూడు మూలలది. ఇక్కడ కొన్నవి నా చేతికి మోటుగా ఉన్నాయి. నాన్నగారిని అడిగి, ఇస్తే ఆ రెండూ తీసిపెట్టు. మార్చిలో వస్తున్నా. ఆయన వద్దంటే పట్టుబట్టకు, నేనే వచ్చి అడుగుతా.

నీ
సుబ్బిగాడు