2024 వార్షిక నివేదిక: సెల్లార్ బియ్యం సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది లిఫ్టు బాగుచేయించాం, నీళ్ల ట్యాంకులు రెండుసార్లు కడిగించాం, వేసవిలో ట్యాంకర్ల ఖర్చు ఎప్పటిలాగే నడ్డి విరిచింది. లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఎదురుపడ్డవాళ్లంతా అడిగేది బియ్యం గురించే కాబట్టి అదే వివరంగా రాస్తున్నాను.

జనవరిలో అందరం కలిసి మిల్లు నుంచి సోనా మసూరి తెప్పించాం. బస్తా 26 కిలోలు. (2022 జులైలో 25 కిలోల వరకు ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక వచ్చిన వింత తూకం ఇది.) కొత్త బియ్యం ముద్దవుతాయి, పాతబడ్డాక తీసుకుంటామని సగంమంది బస్తాలను సెల్లార్ గదిలోనే ఉంచమన్నారు. ఉంచాం.

ఆగస్టులో మూడో అంతస్తు నుంచి ఫోన్. వెళ్లి చూస్తే చేట నిండా నల్లటి చుక్కలు. వేలు తగలగానే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉన్నాయి, మేం మాటల్లో పడగానే మళ్లీ నడక. మూడు మిల్లీమీటర్ల ఒళ్లు, ముందు సన్నటి తొండం, రెక్కల మీద నాలుగు ఎర్రటి మచ్చలు. ముక్కు పురుగు.

ఎవరి ఫ్లాట్ నుంచి వచ్చాయని రెండు వారాలు తగువు. అద్దెకున్నవాళ్లనూ అనేశారు, అది బాగాలేదు. తల్లి పురుగు గింజకు బెజ్జం చేసి, గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి, మన ఉక్కకు ఇంచుమించు నెలలో బయటపడుతుంది. లోడు దించిన రోజు బియ్యం మల్లెపూవులా ఉన్నా లోపల ఏముందో కంటికి కనిపించదు. పైగా నిరుడు చిందిన గింజలు ఊడ్చకుండానే కొత్త బస్తాలు దించాం, నెమ్ము పట్టే గచ్చు మీద చెక్కలైనా వేయలేదు. ఆ తప్పులు కమిటీవే. మిల్లువాళ్లు బస్తాలు మార్చి ఇవ్వబోమన్నారు. ఏడు నెలల తరవాత అడిగితే ఎవరు మాత్రం ఇస్తారు?

ఎండలో ఆరబోద్దామంటే పెద్దవాళ్లు వద్దన్నారు, బియ్యం చిట్లి అన్నం నూకనూక అవుతుందని. టెర్రస్ మీద నీడపట్టున ఆరబోసి జల్లించాం. పైకి కనిపించినవి పోయాయి, గింజలో దాక్కున్నవి నెల తిరిగేసరికి వచ్చాయి. ఐదేసి కిలోల సంచులు కట్టి డీప్ ఫ్రీజర్లో నాలుగు రోజులు ఉంచినవాళ్లకు మాత్రం మళ్లీ రాలేదు. వేపాకు, ఎండుమిర్చి గింజ లోపలి పురుగును ఏమీ చేయలేవు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడదామన్న సూచనను కమిటీ ఒప్పుకోలేదు. వాటి నుంచి వచ్చే వాయువు మనుషుల ప్రాణాలూ తీస్తుంది, ఆ గది గోడకు అవతలే వాచ్‌మన్ కుటుంబం పడుకుంటుంది.

ఈసారి ఎవరి బస్తాలు వాళ్లు దించిన రోజే ఇంటికి తీసుకెళ్లాలి. పాత బియ్యమే కావాలంటే పాతవే కొనుక్కోండి. గదిలో పేర్లు రాయని బస్తాలు ఇంకా ఐదున్నాయి. ఆదివారంలోగా ఎవరూ రాకపోతే కోళ్లఫారానికి ఇచ్చేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి