బడిని చూసి ఇల్లు కొనేవారికి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో హైదరాబాదు రోడ్డు, మిర్యాలగూడ రోడ్డు, మర్రిగూడ బైపాస్ చుట్టుపక్కల వెలుస్తున్న వెంచర్ల కరపత్రాల్లో, బడి ఎన్ని నిమిషాల దూరమో చెప్పనిది ఈ మధ్య నా కంటపడలేదు. మహబూబ్‌నగర్‌లో ఏనుగొండ, భూత్పూర్ రోడ్డు వైపూ ఇదే వరస. పిల్లల చదువు కోసమని తాహతుకు మించి మరో పది లక్షలు పెట్టి, పేరున్న ప్రైవేటు బడి దగ్గర ఇల్లు కొనడానికి సిద్ధపడుతున్న మధ్యతరగతి కుటుంబాలను చూస్తున్నాను. బ్యాంకులో గృహ రుణాల పని చూసి విరమించినవాణ్ని కనుక, ఈ లెక్క గురించి కొన్ని మాటలు మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

ఈ ఆలోచన కొంతవరకు అమెరికాలో స్థిరపడిన మన పిల్లల నుంచి వచ్చింది. అక్కడ చాలా చోట్ల ఇంటి చిరునామాను బట్టే ప్రభుత్వ బడి నిర్ణయమవుతుంది. ఆ బడికి ఫీజు ఉండదు. దాని ఖర్చులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఆస్తిపన్ను నుంచే సమకూరుతుంది. కాబట్టి మంచి బడి ఉన్న చోట ఇంటికి ఎక్కువ ధర పెట్టినవారు ఒక రకంగా చదువు ఖర్చును ఇంటి ధరలోనే కట్టేస్తున్నారు. మన దగ్గర ఆ లంకె లేదు. ప్రైవేటు బడి ప్రహరీ పక్కనే ఇల్లు కొన్నా ఫీజులో రూపాయి తగ్గదు, ఏటా పెరగకుండా ఆగదు. చదువు పేరిట ఇంటికోసారి, బడికోసారి రెండుసార్లు చెల్లిస్తాం.

ఇక అప్పు సంగతి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహ రుణానికి ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వవచ్చు. ఆపైన 75 లక్షల దాకా 80 శాతమే. అంటే 33 లక్షల ఇంటికి చేతి నుంచి 3.3 లక్షలు పెట్టుకుంటే సరిపోయేవారు, 43 లక్షల ఇంటి జోలికి వెళ్తే 8.6 లక్షలు తేవాలి. రాష్ట్రంలో 2021 జులై నుంచి అమలవుతున్న 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ అదనపు ధర మీదా పడతాయి. ఈ సొమ్ము కోసం చిట్టీ ఎత్తినవారినీ, ఇంట్లో బంగారం కుదువపెట్టినవారినీ చూశాను. ఎక్కడి నుంచి తెచ్చినా ఆ పది లక్షలూ అప్పే. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు లెక్క వేస్తే పది లక్షలకు నెల వాయిదా దాదాపు 8,680 రూపాయలు, మొత్తం చెల్లింపు సుమారు 20.8 లక్షలు. మన పట్టణాల్లో ఇద్దరు పిల్లల బస్సు ఫీజు కలిపినా నెలకు అంత కాదు. నల్లగొండ క్లాక్ టవర్ నుంచి ఏ కాలనీకైనా ఆటోలో అరగంట పట్టని ఊళ్లో దూరానికి ఇంత వెల కట్టడం నాకు అర్థం కాదు.

వాయిదా 20 ఏళ్లది, బడి అన్నేళ్లది కాదు. ఐదో తరగతి పిల్లవాడి కోసం ఇల్లు కొంటే ఆ బడితో పని ఐదేళ్లే. పదో తరగతి కాగానే చాలామంది పిల్లల్ని హైదరాబాదు కాలేజీ హాస్టళ్లకు పంపుతున్న మాట దాచేది కాదు. అప్పుడు హాస్టలు ఫీజూ ఇంటి వాయిదా ఒకే జీతం మీద పడతాయి.

అయితే పసిపిల్లల విషయంలో దగ్గరితనానికి విలువ ఉంది. విద్యాహక్కు చట్టం కింద మన నిబంధనలు 5వ తరగతి వరకు కిలోమీటరు లోపు, 8వ తరగతి వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నది అందుకే. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవారు ఆ కొద్ది సంవత్సరాలు బడి దగ్గర కిరాయికి ఉండి, సొంత ఇల్లు తమకు అందే ధరలో మరోచోట కొనుక్కోవచ్చు. కిరాయి ఇల్లంటే నామోషీ అనుకునే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు కానీ, ఆ నామోషీ ఖరీదు పైన చెప్పిన వాయిదాలో ఉంది.

బడి నాణ్యతను మనం కొలుస్తున్న తీరు మరీ విచిత్రం. నిన్నమొన్నటి దాకా చౌరస్తాల్లో 10/10 జీపీఏ ఫ్లెక్సీలు, 2025 నుంచి మార్కుల ఫ్లెక్సీలు. ఎందరికి మంచి మార్కులు వచ్చాయో ఫొటోలతో సహా ఉంటుంది, ఎందరు పరీక్ష రాశారో ఉండదు. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ప్రతి బడి విద్యార్థుల, ఉపాధ్యాయుల సంఖ్య చూడవచ్చు. చట్టం ప్రకారం ప్రాథమిక స్థాయిలో 30 మందికి, ప్రాథమికోన్నత స్థాయిలో 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. మనం చూడబోయే బడిలో ఎంతమందికి ఒకరున్నారు, ఆరో తరగతిలో ఉన్న సంఖ్య పదో తరగతికి వచ్చేసరికి ఎంత తగ్గుతోంది, ఏటా ఎందరు ఉపాధ్యాయులు మారుతున్నారు అని అడగాలి. సర్కారు బడినీ ఒకసారి వెళ్లి చూడాలి. 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా అక్కడా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉన్న సర్వేలులో 1971లో మొదలైన గురుకులం ఒక పల్లెలోని సర్కారు బడే. దాని పేరు విని పిల్లల్ని పంపినవారెవరూ అక్కడ ప్లాటు కొనలేదు.

కరపత్రంలో "వెంచర్‌లోనే ఇంటర్నేషనల్ స్కూల్" అని రాసి ఉంటే ఆ కాగితాన్ని భద్రపరచుకోవాలి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 12వ సెక్షన్ ప్రకారం, తప్పుడు ప్రకటనను నమ్మి డబ్బు కట్టి నష్టపోయిన కొనుగోలుదారు పరిహారం కోరవచ్చు, లేదా కొనుగోలు విరమించుకుని వడ్డీతో సహా సొమ్ము వాపసు అడగవచ్చు. రెరా రిజిస్ట్రేషన్ నంబరు లేని వెంచర్ల దగ్గర ఎలాగూ జాగ్రత్త అవసరం.

జిల్లా విద్యాశాఖ అధికారులకు నా విన్నపం ఒకటుంది. గుర్తింపు ఉన్న ప్రతి ప్రైవేటు బడి తరగతివారీ ఫీజు, పదో తరగతి పరీక్ష రాసినవారి సంఖ్య, ఉత్తీర్ణుల సంఖ్య ఒకే పట్టికగా అడ్మిషన్లు మొదలయ్యే ముందే, ఏప్రిల్ మొదటివారంలో మండల విద్యాధికారి కార్యాలయాల దగ్గర అంటించాలి. శివారు కాలనీల్లో ఏ ప్రాంతానికి కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల లేదో పురపాలకులు గుర్తించి, లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడే దానికి స్థలం చూడాలి.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
నల్లగొండ