మొదటి కాటుకు మాఫీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

కుక్క కరిచిన వార్తల్లో దాని యజమాని దాదాపు ప్రతిసారీ ఒకే మాట చెబుతాడు. "మా కుక్క ఇంతకుముందు ఎవర్నీ ఏమీ చెయ్యలేదండీ." అది నిజమే అయ్యుండొచ్చు. ఆ నిజానికి చట్టం ఇచ్చే విలువే నాకు మింగుడుపడటం లేదు.

ఇంగ్లిష్ కామన్ లా (కోర్టు తీర్పుల ద్వారా రూపుదిద్దుకున్న చట్టం) నుంచి వచ్చిన పాత పద్ధతి ప్రకారం, కుక్కకు కరిచే గుణం ఉందనీ, ఆ సంగతి యజమానికి ముందే తెలుసనీ బాధితుడే రుజువు చెయ్యాలి. అమెరికా లాయర్లు దీన్ని వన్ బైట్ రూల్ అంటారు. అంటే మొదటిసారి కరిపించుకున్నవాడి ఖర్మ వాడిది! న్యూయార్క్‌లో అయితే యజమాని నిర్లక్ష్యాన్ని చూపించి దావా వేసే దారి కూడా చాలాకాలం మూసుకుపోయి ఉంది. పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన పోస్టల్ ఉద్యోగినిని కుక్క కరిచిన కేసులో, 2025 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ తన 2006 నాటి తీర్పును పక్కన పెట్టి ఆ దారి తెరిచింది. పొరుగింటి కుక్క గతచరిత్ర తవ్వి సాక్ష్యాలు తెమ్మంటే, డ్యూటీ మీద గేటు దాకా వెళ్లినవాళ్లు ఎక్కణ్నుంచి తెస్తారు?

కాలిఫోర్నియా సివిల్ కోడ్ 3342వ సెక్షన్ నాకు సబబుగా కనిపిస్తుంది. బహిరంగ ప్రదేశంలో కరిచినా, చట్టబద్ధంగా వెళ్లిన ప్రైవేటు ఆవరణలో కరిచినా యజమానిదే బాధ్యత. కుక్క అంతకుముందు ఎలాంటిది, యజమానికి ఏం తెలుసు అన్న ప్రశ్నలే అక్కడ రావు. జర్మన్ సివిల్ కోడ్ 833వ సెక్షన్ ఇంకొంచెం ఆలోచించి రాసినట్టుంది. ముచ్చటకు పెంచుకునే జంతువైతే తన తప్పు లేకపోయినా యజమాని పరిహారం కట్టాల్సిందే. గొర్రెల కాపరి కుక్కలా బతుకుతెరువుకు పనికొచ్చేదైతే, తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకుని బయటపడొచ్చు.

భారత న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద, జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉన్నవాడికి ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అది శిక్ష. కుట్లు వేయించుకున్నవాడి ఆస్పత్రి బిల్లుకు దానితో సంబంధం లేదు. పరిహారం కావాలంటే మళ్లీ సివిల్ దావా, వాయిదాలు.

గేటుకు తగిలించే "కుక్క ఉంది, జాగ్రత్త" బోర్డు గురించి కూడా చెప్పాలి. అది పెడితే ఇక తమకు బాధ్యత లేదని చాలామంది ధీమా. ముందే తెలిసి ఉండాలనే పద్ధతి నడిచేచోట అదే బోర్డు ఎదురు తిరగొచ్చు: కుక్క ప్రమాదకరమని తెలియకపోతే బోర్డు ఎందుకు పెట్టావని అవతలి లాయర్ అడుగుతాడు. పైగా అయిదేళ్ల పిల్లాడు బోర్డు చదివి ఆగుతాడా? మీటర్ రీడింగ్‌కు వచ్చినవాడు చదివినా లోపలికి వెళ్లక తప్పదు కదా.

దొంగతనానికి గోడ దూకినవాడికీ, కుక్కను కావాలని రాయి పెట్టి కొట్టినవాడికీ పరిహారం తగ్గించినా, అసలు ఇవ్వకపోయినా నాకు అభ్యంతరం లేదు. కానీ పసిపిల్ల తోక లాగితే దాన్ని రెచ్చగొట్టడం కింద జమకట్టకూడదు.

ఇక ఎంత ఇవ్వాలన్నది. 2023లో పంజాబ్, హర్యానా హైకోర్టు వీధి జంతువుల కేసుల్లో ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు, కండ ఊడివస్తే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20,000 రూపాయలు లెక్కకట్టమంది. ఏళ్ల తరబడి వాదించుకోవడం కంటే ఇలాంటి కొలమానం మేలే. అయితే దాన్ని కనీసంగానే చూడాలి. చేతి నరం దెబ్బతిని పట్టు తగ్గిన దర్జీకి పంటి గాట్లు లెక్కపెట్టి డబ్బిస్తే ఏం సరిపోతుంది? చిన్నపిల్లలకు కాట్లు ఎక్కువగా ముఖం, తల, మెడ మీదే పడతాయి. మచ్చకు మళ్లీ సర్జరీ కావాలో లేదో కొన్నేళ్లకు గానీ తేలదు. అందుకే కుట్లు విప్పిన వారానికే "సెటిల్ చేసుకుందాం" అంటూ కాగితం పట్టుకొచ్చే పెద్దమనుషులంటే నాకు అనుమానం. పోయిన కూలీ, కుక్క మొరిగితే చాలు వణికే భయం కూడా లెక్కలోకి రావాలి.

"మా కుక్కకు టీకాలు వేయించాం, మీకు సూదులెందుకు" అని ఆ ఖర్చు ఎగ్గొట్టే యజమానులూ ఉన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అలాంటప్పుడు డాక్టర్ రాసిన టీకా మానేసి యజమాని మాట నమ్మాలా? తర్వాత కుక్క ఆరోగ్యంగానే ఉందని తేలినా ఆ ఖర్చు యజమానిదే కావాలి.

నేనూ కుక్కను పెంచుకుంటున్నాను. ఇదంతా నాకూ వర్తిస్తుంది కాబట్టే ఇన్సూరెన్స్ కావాలంటున్నాను. రోడ్డెక్కే బండికి థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి అంటే ఎవరూ గొడవ చెయ్యరు. బెర్లిన్, హాంబర్గ్‌లలో కుక్కకు కూడా అలాంటి బీమా తప్పనిసరి. అది లేకపోతే కోర్టు ఎంత పెద్ద మొత్తం ఇప్పించినా, చేతిలో డబ్బులేని యజమాని నుంచి వసూలయ్యేది తక్కువే. కుక్కకు లైసెన్సు ఇచ్చేటప్పుడే రేబిస్ టీకా సర్టిఫికెట్‌తో పాటు బీమా పాలసీ కూడా అడగాలి, ఏటా రెన్యువల్ చూడాలి. కుక్క యజమాని చేతిలో కాకుండా అద్దెకున్నవాళ్ల దగ్గరో, వాకింగ్‌కు తిప్పే కుర్రాడి దగ్గరో ఉన్నప్పుడు కరిస్తే ఎవరు కట్టాలో ఆ పాలసీలోనే స్పష్టంగా రాసి ఉండాలి.

ఇట్లు,
మీ పాఠకుడు